గుడి లేని గాలి

జూన్‌లో ట్రైనింగ్.
ఫ్యాను తిరగని హాల్లో నలభైమంది టీచరమ్మలం
బ్, బ్, బ్ అంటూ కూర్చున్నాం.
"బ అనకండి మేడమ్, ఆ అ తోక వదిలెయ్యాలి"
అంటాడు మా అబ్బాయి వయసు ట్రైనరు.
పక్కన సుగుణమణి నవ్వాపుకోలేక
నీళ్ల సీసా మూతి నోట్లో పెట్టుకుంది.

ఇరవైరెండేళ్లు నేను నేర్పింది వేరే.
సీ ఏ టీ క్యాట్, సీ ఏ టీ క్యాట్,
గోడమీది బల్లికి కూడా నోటికొచ్చేదాకా.
సీ అని పిలిస్తే అది క్ అని ఎందుకు పలుకుతుందని
ఒక్క పిల్ల అడగలేదు.
నేనూ అడగలేదు.
ఇంగ్లీషు అక్షరాలకి
రేషన్ కార్డులో పేరొకటి, ఇంట్లో పిలిచే పేరొకటి.
మన క కి ఆ బాధ లేదు.
కాకపోతే పుట్టుకతోనే తలకట్టుతో వస్తుంది,
ఆ పాగా విప్పి పొల్లు పెట్టడమే
ఏడేళ్ల నాలుకకి పెద్ద పని.

బోరబండలో మా బడి.
రెండో తరగతిలో ముప్పైనాలుగు నోళ్లు,
ఇళ్లల్లో ఐదు భాషలు.
నఫీసాకి ళ రాదు.
ఒడిశా మేస్త్రీ కూతురికి అన్నీ వచ్చు, భయం పోదు.
చివరి వరసలో ఒకడు, పేరు ఓంకార్,
నోట్లోంచి శబ్దం రాదు.

బొమ్మల చార్టు చుట్టి బీరువా మీద పడేసి
వీధిని లోపలికి పిలిచాను.
సిలిండర్ల బండివాడు పానాతో కొట్టే ట్.
వంటామె కుక్కర్ మూత సందులోంచి ష్.
మరి స్ ఎక్కడ విన్నారు?
పాము, పాము, పాము అన్నారు అందరూ,
పామును చూసినవాడు ఒక్కడూ లేడు.
అప్పుడు వెనకనుంచి, సన్నగా,
"ట్యూబు టీచర్. నీళ్లల్ల ముంచితె."

వాళ్ల నాన్న కిష్టప్పది
బస్టాపు పక్కన పంచర్ షాపు.

శబ్దానికి శబ్దం అతికించడం
వాడికి నేను నేర్పిన విద్య కాదు.
ముందు గీకాలి. సొల్యూషన్ రాయాలి.
ఊదాలి. ఆగాలి. అప్పుడు నొక్కాలి.
తొందరపడితే అతకదు,
ఈ సంగతి నాకన్నా వాడికే బాగా తెలుసు.
స్... అ... న్...
ఆగాడు.
పెదాలు బిగించి నొక్కాడు.
సన్.
అనేసి కిటికీలోంచి చూశాడు.
బయట మబ్బు.

ఒత్తులింకా రావాలి.
భ దగ్గర ఇప్పటికీ బొక్కబోర్లా పడతాడు.

శ్రావణంలో ఒక సాయంత్రం
నా స్కూటీ వెనక టైరు కూర్చుంది.
కిష్టప్ప ట్యూబు లాగుతున్నాడు.
వీడు బోర్డు కింద నిలబడి,
మెడ వెనక్కి విరిచి, వేలు గాల్లో పెట్టి,
"ఇ... చ్చ... ట.
గా... ల.
గాల."
మళ్లీ మొదటికి వెళ్లాడు. మళ్లీ గాలే... కాదు, గాల.
"టీచర్, ల కు గుడి లేదు."

"ఏందిర నువ్వు," అన్నాడు కిష్టప్ప తల ఎత్తకుండా,
"పదకొండేండ్ల సంది ఉన్నదా బోర్డు.
నాకు సదువు రాదు.
సదువొచ్చినోళ్లందరు గాలి అనే సదివిండ్రు గద."

నేనూ అలాగే చదివాను.
వారానికోసారి ఇక్కడే ఆగి,
చిల్లర వెతుక్కుంటూ, పైకి చూస్తూ,
ఆ ల మీద లేని గుడిని
నా కళ్లు ఎన్నిసార్లు కట్టేసి వెళ్లాయో.
ఉన్నది ఉన్నట్టు చదవడానికి
చదవడం రానివాడు కావాల్సి వచ్చింది.

కిష్టప్ప నల్లటి చేతుల్తోనే వాణ్ణి ఎత్తాడు.
ట్యూబు మీద చిల్లికి గుర్తు పెట్టే సుద్దముక్కతో
వాడు గుడి గీశాడు,
వంకరగా, అక్షరం కన్నా పెద్దది.
వానొస్తే పోతుంది.

ఇద్దరూ కిందినుంచి దాన్నే చూస్తున్నారు.
నా టైరు సంగతి ఎవరికీ గుర్తులేదు.
బేసిన్ నీళ్లల్లో ట్యూబు
ఒక్కటే పాఠం చెప్పుకుంటోంది,
స్...